రిపోర్టు లేదా, చూడలేకపోయామా?

ప్రశ్న

పేరు వద్దన్న ఈ పాఠకురాలు విశాఖపట్నం మధురవాడలో హాస్టల్‌లో ఉంటూ, రుషికొండ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నారు. ఉత్తరం పెద్దది. సంగతి చెడకుండా కుదించి ఇస్తున్నాను.

నగరంలో కొన్ని శాఖలున్న ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కు ఈ సంస్థ యాప్ నడుపుతోంది. రసీదు మీది నంబరు కొడితే రిపోర్టు తెరుచుకుంటుంది. పరగడుపు పరీక్షలకు జనం పొద్దున ఆరున్నర నుంచే వస్తారు. రక్తం ఇచ్చి ఇంటికి వెళ్ళి, టిఫిను తిన్న దగ్గర నుంచీ యాప్ తెరిచి కూర్చుంటారు. అది తెరిచి ఉన్నంతసేపూ 10 సెకన్లకోసారి ‘రిపోర్టు వచ్చిందా’ అని సర్వర్‌ను అడుగుతూనే ఉంటుంది. తొమ్మిది కాకముందే డేటాబేస్ మొరాయిస్తుంది. ఈ బాధ తగ్గించే పని, చేరి ఏడాదైనా నిండని ఈమెకు అప్పగించారు. రిపోర్టు వెతికే మెథడ్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మీద ఈమె జావాలో వాడే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్‌లోని క్యాషబుల్ అనే యానొటేషన్ పెట్టారు. ఒకసారి వచ్చిన సమాధానాన్ని క్యాష్‌లో, అంటే మెమరీలో దాచి, మళ్ళీ అడిగితే అదే ఇవ్వమని చెప్పే గుర్తు అది. అడుగున ఆ దాచే పని చేసేది కెఫీన్ అనే లైబ్రరీ. వచ్చిన సమాధానం 6 గంటలపాటు మెమరీలో ఉండేలా అమర్చి, ఒక మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు విడుదల చేశారు.

కాసేపటికి డేటాబేస్ తేరుకుంది. అందరూ మెచ్చుకున్నారు. పదకొండుకు గాజువాక శాఖ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కాగితం కౌంటర్‌లో సిద్ధంగా ఉంది, యాప్ మాత్రం ‘రిపోర్టు లేదు’ అంటోంది. కొందరికి ఒకసారి కనిపించి, మళ్ళీ తెరిస్తే మాయమైంది. పెందుర్తి పెద్దాయన ఒకరు ముందురోజు రాత్రే తన రిపోర్టు యాప్‌లో చదువుకున్నారట. ఆ ఉదయం తొమ్మిదింటికి డాక్టరు ముందు తెరిస్తే లేదంది.

సమావేశంలో ఈమె, “నల్‌ను దాచమని నేనెక్కడా రాయలేదు” అన్నారు. (నల్ అంటే ‘విలువ ఏదీ లేదు’ అనే గుర్తు.) సీనియర్ గారు, “కెఫీన్ నల్‌ను అసలు తీసుకోదు. క్యాష్‌లో నల్ ఉండే ప్రసక్తే లేదు. నీ కోడ్‌లోనే ఇంకేదో తప్పుంది” అని కొట్టిపారేశారు. ఎందుకైనా మంచిదని, ఫలితం నల్ అయితే దాచవద్దు అనే షరతు పెట్టి వదిలేయమన్నారు. పక్క సీటు సహోద్యోగి, అలా చేస్తే పొద్దుటి రద్దీ మళ్ళీ మొదటికొస్తుందనీ, ఆప్షనల్ (లోపల విలువ ఉన్నా, ఖాళీగా ఉన్నా చెల్లే ఒక పెట్టె) వాడితే సరిపోతుందనీ అన్నారు. దానికి సీనియర్, “నల్‌ను కనిపెట్టినాయనే క్షమాపణ చెప్పుకున్నాడు, మీరింకా దాన్ని దాస్తారా” అని నవ్వేశారు. మేనేజర్ శుక్రవారంలోగా కారణం రాసి ఇమ్మన్నారు.

ఉత్తరం చివర ఇంకో మాట ఉంది. ఆ మెథడ్‌లో ఏ ఎక్సెప్షన్ (పని విఫలమైందని చెప్పే సంకేతం) వచ్చినా పట్టుకుని నల్ తిప్పి పంపే నాలుగు లైన్లున్నాయి. మూడేళ్ళ కిందట వాటిని రాసింది ఆ సీనియర్ గారే. “ఇది రాస్తే ఆయన మీద నెపం వేసినట్టు. రాయకపోతే తప్పంతా నాదే అయినట్టు. వచ్చే నెలలో నా ఉద్యోగం ఖాయం చేయాలి. ఏం చేయను?” అని అడిగారు.

సమాధానం

సమావేశంలో మీరు చెప్పింది నిజం. మీ సీనియర్ చెప్పిందీ నిజమే. అందుకే ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేకపోయారు.

కెఫీన్‌కు నేరుగా నల్ ఇస్తే ఎక్సెప్షన్ విసురుతుంది. విలువ తెచ్చే ఫంక్షన్ నల్ తిప్పి పంపితే ఏమీ దాచకుండా ఊరుకుంటుంది. అంతవరకు ఆయన మాట సరైనదే. కానీ మీరు కెఫీన్‌తో నేరుగా మాట్లాడలేదు, మధ్యలో స్ప్రింగ్ ఉంది. మీ మెథడ్ నల్ ఇచ్చినప్పుడు స్ప్రింగ్ ఆ చోట నల్‌వేల్యూ అనే తన సొంత వస్తువును పెట్టి కెఫీన్‌కు అప్పగిస్తుంది. బయటికి తీసేటప్పుడు దాన్ని మళ్ళీ నల్‌గా మార్చి మీ చేతికిస్తుంది. నల్‌లను ఒప్పుకోవాలా వద్దా అనే అమరిక ఒకటుంది, మనం ముట్టుకోకపోతే అది ‘ఒప్పుకో’ అనే ఉంటుంది. నల్‌ను దాచమని మీరు రాయలేదన్నది అందుకే నిజం. రాయకపోయినా దాచడం దాని అలవాటు.

ఇది నా మాటగా ఆయనకు చెప్పకండి. చూపించండి. మీ కంప్యూటర్లోనే, డేటాబేస్‌లో లేని నంబరు ఒకటి తీసుకుని మెథడ్‌ను రెండుసార్లు పిలవండి. క్వెరీల (డేటాబేస్‌ను అడిగిన ప్రశ్నల) లాగ్‌లో ఒక్క క్వెరీయే పడుతుంది. తర్వాత స్ప్రింగ్ క్యాష్ వెనకున్న అసలు కెఫీన్ క్యాష్‌ను బయటికి తీసి, ఆ నంబరు పక్కనున్న వస్తువు క్లాస్ పేరును ముద్రించండి. వస్తువునే ముద్రిస్తే నల్ అనే అక్షరాలే కనబడి వాదన మళ్ళీ మొదలవుతుంది, క్లాస్ పేరే ముద్రించండి. ఇదంతా కలిపి ఒక యూనిట్ టెస్ట్. రెండు నిమిషాల్లో ఆయనే నడిపి చూసుకోవచ్చు.

నల్ క్యాష్‌లోకి ఎలా చేరిందో తేలింది కదా, ఇప్పుడు అది ఏం చెబుతూ చేరిందో చూద్దాం. పక్కింట్లో మామయ్య ఉన్నాడేమో చూసి రమ్మని పిల్లవాణ్ణి పంపామనుకోండి. వాడు తిరిగొచ్చి ఏమీ అనకుండా నిలబడ్డాడు. మామయ్య ఇంట్లో లేడనా? తలుపు కొట్టినా ఎవరూ తీయలేదనా? అసలు వీడు వెళ్ళనే లేదా? మీ మెథడ్ ఇచ్చే నల్ ఆ పిల్లవాడి మౌనమే. అది ‘పరీక్ష ఇంకా పూర్తికాలేదు’ కావచ్చు, ‘అసలు అలాంటి నంబరే లేదు’ కావచ్చు, ‘డేటాబేస్ పలకలేదు’ కావచ్చు. మూడింటికీ ఒకే మౌనం.

గాజువాక ఫోన్లకు కారణం మొదటిది. పొద్దున తొమ్మిదికి ఒకావిడ యాప్ తెరిచారు, రిపోర్టు సిద్ధం కాలేదు, ఆ ‘లేదు’ మధ్యాహ్నం మూడు దాకా నిలిచిపోయింది. పదకొండుకు ల్యాబ్ వాళ్ళు రిపోర్టు ఎక్కించినా క్యాష్‌కు ఆ కబురు చెప్పే కోడ్ లేదు. ఒకసారి కనిపించి మాయమైన వాళ్ళ సంగతి వేరు. మీవి రెండు సర్వర్లని ఉత్తరంలో ఎక్కడో ఒక ముక్క రాశారు. రెండింటికీ దేని మెమరీ దానిదే. ఒకదానిలో పాత ‘లేదు’ ఉంది, రెండోదానిలో ఏమీ లేదు కాబట్టి అది డేటాబేస్‌ను అడిగి రిపోర్టు చూపించింది. యాప్ ఎటు తగిలితే అటు సమాధానం.

పెందుర్తి పెద్దాయన కథ ఈ రెండింటికీ లొంగదు. ముందురోజు రాత్రే ఉన్న రిపోర్టును డేటాబేస్ పొద్దున లేదనడానికి వీల్లేదు. ఎనిమిదిన్నరకు, రద్దీ ముదిరిన వేళ, మీరు కొత్త కోడ్ విడుదల చేశారు. సర్వర్లు అప్పుడే లేచాయి, క్యాష్ ఖాళీ. అడిగిన వాళ్ళందరూ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడ్డారు. కొన్ని క్వెరీలకు గడువులోగా జవాబు రాక టైమౌట్ అయింది. ఆ నాలుగు లైన్లు టైమౌట్‌ను పట్టుకుని నల్‌గా మార్చాయి. స్ప్రింగ్ ఆ నల్‌ను భద్రంగా దాచింది. సర్వర్ లాగ్‌లో ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా టైమౌట్లు వెతకండి, ఆయన రసీదు నంబరుతో ఒక్కటైనా దొరకాలి. ఒకవేళ ఆ నాలుగు లైన్లు లాగ్‌లో కూడా ఏమీ రాయకుండా మింగేస్తుంటే, డేటాబేస్ వైపున్న లాగ్‌లో చూడండి. ఈ ఒక్క ఆధారం మీ శుక్రవారం నివేదికకు ప్రాణం.

ఆ నాలుగు లైన్లు మూడేళ్ళుగా ఉన్నా ఎవరికీ నొప్పి తెలియలేదు. ఎందుకంటే అప్పట్లో తప్పుడు నల్ ఆయుష్షు ఒక్క అభ్యర్థన. 10 సెకన్ల తర్వాత యాప్ మళ్ళీ అడిగేది, డేటాబేస్ పలికేది, రిపోర్టు వచ్చేది. ఎవరైనా గమనించినా నెట్ సరిగా లేదనుకుని ఊరుకునేవారు. మీ క్యాష్ దాని ఆయుష్షును 6 గంటలు చేసింది. ఆయన కోడ్ ఒక్కటే ఉంటే ఈ ప్రమాదం లేదు, మీ క్యాష్ ఒక్కటే ఉన్నా పెద్దాయనకు ఈ అనుభవం లేదు. రెండూ కలిసిన చోట జరిగింది. ఈ మాట మీ ఇద్దరిలో ఎవరినీ కాపాడటానికి అంటున్నది కాదు, లాగ్‌లు చూసినా ఇదే తేలుతుంది.

క్షమాపణ సంగతీ చూద్దాం. బ్రిటిష్ కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం నల్ రిఫరెన్స్‌ను చేర్చారు. 2009లో లండన్ సదస్సులో దాన్ని తన వందకోట్ల డాలర్ల పొరపాటు అన్నారు. ఆయన విచారించింది, ఏ రిఫరెన్స్ అయినా నల్ కావచ్చనీ, దాన్ని కంపైలర్ పట్టుకోలేదనీ. ‘లేదు’ అనే సమాధానాన్ని గుర్తుపెట్టుకోవద్దని ఆయన అనలేదు. ఈ సామెతలాంటి మాటను సమావేశాల్లో వాడేవాళ్ళు చాలామందే ఉంటారు, నవ్వొస్తుంది కానీ పని జరగదు. మీ సీనియర్‌కు నిజంగా అక్కరకొచ్చే ఉదాహరణ జావాలోని కంకరెంట్‌హాష్‌మ్యాప్, అంటే కీ చెబితే దాని విలువ ఇచ్చే ఒక పట్టిక. మామూలు హాష్‌మ్యాప్ నల్ విలువను తీసుకుంటుంది, ఇది తీసుకోదు. అడిగితే నల్ వచ్చినప్పుడు, ఆ కీ లేదా, ఉండి దాని విలువే నల్లా అన్నది హాష్‌మ్యాప్‌లో ఇంకో ప్రశ్నతో తేల్చుకోవచ్చు. ఒకేసారి చాలా థ్రెడ్లు (ప్రోగ్రాంలో సమాంతరంగా నడిచే పనులు) తాకే మ్యాప్‌లో ఆ రెండో ప్రశ్న వేసేలోపే ఇంకొకరు దాన్ని మార్చేయవచ్చు. అందుకే దాన్ని రాసిన డగ్ లీ నల్‌ను గడప దగ్గరే ఆపేశారు. ఆ నిషేధం వెనకున్న భయం అస్పష్టత గురించి. ‘లేదు’ అని స్పష్టంగా చెప్పే ఇంకో వస్తువును పెడితే ఆ మ్యాప్‌కు ఏ అభ్యంతరమూ లేదు, స్ప్రింగ్ చేసింది అదే.

‘లేదు’ను దాచుకోవడం కొత్త సాహసమూ కాదు. ఇంటర్నెట్ చిరునామాలు వెతికే డీఎన్‌ఎస్ వ్యవస్థలో ఇదంతా 1998లోనే రాసిపెట్టారు, ఆర్‌ఎఫ్‌సీ 2308 అనే పత్రంలో. ‘ఆ పేరు లేదు’ అన్న సమాధానాన్ని ఎంతసేపు గుర్తుంచుకోవాలో ఆ పేర్ల యజమానే చెప్పాలి. గంట నుంచి మూడు గంటలు బాగా పనిచేస్తుందనీ, ఒక రోజు దాటితే ఇబ్బందులొచ్చాయనీ అందులో ఉంది. అదే సర్వర్ విఫలమైతే, ఆ వైఫల్యాన్ని 5 నిమిషాలకు మించి గుర్తుంచుకోకూడదని కచ్చితంగా ఆంక్ష పెట్టారు. లేకపోవడానికి ఒక గడువు, అడగలేకపోవడానికి మరో గడువు. మీ ల్యాబ్ యాప్‌కు కావలసింది ఈ విభజనే. అంకెలు మాత్రం మీవి వేరు, రక్తపరీక్ష ఫలితం కోసం ఎవరూ మూడు గంటలు అదనంగా ఆగరు.

ఇక దారులు.

సీనియర్ చెప్పిన షరతు, అంటే ఫలితం నల్ అయితే దాచవద్దనేది, ఒక్క లైను మార్పు. ఈ సాయంత్రమే చేయవచ్చు, చేయాలి కూడా. పాత ‘లేదు’లు నిలబడవు, టైమౌట్ల అబద్ధాలూ నిలబడవు. అయితే మీ యాప్ రద్దీ ఎవరిదో చూడండి. రిపోర్టు వచ్చినవారు ఒకసారి తెరిచి చదువుకుని వెళ్ళిపోతారు. 10 సెకన్లకోసారి తలుపు తట్టేది రిపోర్టు రానివారు. అంటే భారమంతా నల్ సమాధానాలదే. వాటిని దాచవద్దంటే క్యాష్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. మీ సహోద్యోగి గోడు అదే, అందులో న్యాయముంది. ఈ దారిని తాత్కాలిక కట్టుగా వాడండి, మందుగా కాదు.

సహోద్యోగి చెప్పిన ఆప్షనల్‌ను మాత్రం గుడ్డిగా పట్టుకోకండి. జావా 8 నుంచి అది ఉంది, కెఫీన్‌ను నేరుగా వాడేటప్పుడు చక్కగా పనిచేస్తుంది. క్యాష్‌లో ఏమీ దొరకకపోతే ‘ఇంకా అడగలేదు’ అని, ఖాళీ ఆప్షనల్ దొరికితే ‘అడిగాం, లేదు’ అని. కానీ క్యాషబుల్ యానొటేషన్ కింద మెథడ్ ఆప్షనల్ తిప్పి పంపితే స్ప్రింగ్ దాని పెట్టె విప్పి లోపలి విలువనే దాస్తుంది, ఖాళీ అయితే మళ్ళీ నల్‌నే. మెథడ్ సంతకం అందంగా మారుతుంది, క్యాష్‌లో పాత కథే నడుస్తుంది.

రెండో దారి, ‘లేదు’ను దాచడమే కానీ కొద్దిసేపు. రిపోర్టులకు ఒక క్యాష్, లేదన్న నంబర్లకు ఇంకో చిన్న క్యాష్, దాని గడువు 30 సెకన్లు. పొద్దున 200 మంది యాప్ తెరిచి కూర్చున్నారనుకుందాం. ఇప్పుడు సెకనుకు 20 క్వెరీలు వెళ్తున్నాయి. 30 సెకన్ల గడువుతో, ఒకే సర్వర్ అయితే, సుమారు 7కు దిగుతాయి. రెండు సర్వర్లు విడివిడిగా గుర్తుంచుకుంటే అంత తగ్గవు, ఆ లెక్క మీరే వేసుకోండి. రోగికి జరిగే నష్టం, రిపోర్టు ఎక్కాక మహా అయితే అర నిమిషం ఆలస్యం. గంటల తరబడి ఎదురుచూసే దగ్గర అది ఎవరి దృష్టికీ రాదు. ఈ దారిలో వెళ్తే ఆ నాలుగు లైన్లను ముందు తీసేయాలి. డేటాబేస్ పలకకపోతే ఎక్సెప్షన్ అలాగే పైకి పోవాలి. మెథడ్ ఎక్సెప్షన్ విసిరితే స్ప్రింగ్ ఏమీ దాచదు. పైనున్న కోడ్ దాన్ని అందుకుని, ‘ఇప్పుడు చూడలేకపోతున్నాం, కాసేపాగి ప్రయత్నించండి’ అని తెర మీద చూపాలి.

మూడో దారి నాకు నచ్చినది. ఒక్క చిన్న ప్రశ్న అడుగుతాను. కౌంటర్‌లో రక్తం తీసి రసీదు ఇచ్చేటప్పుడే ఆ నంబరు ఏదో ఒక టేబుల్‌లో నమోదవుతుంది కదా? లేకపోతే రసీదే రాదు. అంటే ఆ నంబరుకు సమాధానం ఎప్పుడూ ‘ఏమీ లేదు’ కాదు. ‘శాంపిల్ అందింది, పరీక్షలో ఉంది’ అనేది నిజమైన సమాధానం, డేటాబేస్‌లోనే ఉంది, మీ మెథడ్ దాన్ని అడగడం లేదంతే. రిపోర్టుల టేబుల్‌లో మాత్రమే వెతికి, అక్కడ దొరకనిదాన్ని నల్ అంటోంది. రిపోర్టు బదులు ‘స్థితి’ని తిప్పి పంపే మెథడ్ రాయండి: సిద్ధం, పరీక్షలో ఉంది, అలాంటి నంబరు లేదు. సిద్ధమైతే లోపల రిపోర్టు ఉంటుంది. క్యాష్‌లో అప్పుడు నల్ అనేదే ఉండదు, మూడూ అసలైన వస్తువులే. కెఫీన్‌లో ఒక్కో విలువకు ఒక్కో గడువు పెట్టే వీలుంది: సిద్ధమైతే 6 గంటలు, పరీక్షలో ఉంటే 30 సెకన్లు, లేని నంబరుకు ఓ ఐదు నిమిషాలు. యానొటేషన్ వదిలేసి కెఫీన్‌నే నేరుగా పిలవండి, దాని గెట్‌కు విలువ తెచ్చే ఫంక్షన్ ఇస్తే ఒకే నంబరు కోసం ఇరవై మంది ఒకేసారి వచ్చినా ఒక్కరే డేటాబేస్‌కు వెళ్తారు, మిగతావారు ఆగుతారు. స్ప్రింగ్‌లోనూ ఇందుకు సింక్ అనే అమరిక ఉంది. కానీ దానితోపాటు మీ సీనియర్ చెప్పిన నల్ షరతు పనిచేయదు, రెండూ పొసగవు.

దీనికి అయ్యే ఖర్చు కూడా చెప్పాలి. సర్వర్ కోడ్ మారాలి, యాప్ తెర మారాలి, రెండు వెర్షన్లు కొన్నాళ్ళు కలిసి నడవాలి. వారం పని. మేనేజర్ ఒప్పుకోకపోతే రెండో దారితో ఆగినా తప్పులేదు. లాభమేమిటంటే ‘రిపోర్టు లేదు’ అన్న వాక్యం తెర మీద నుంచి పోతుంది. షుగర్ ఎంతుందోనని భయపడుతూ కూర్చున్న మనిషికి అది చాలా చెడ్డ వాక్యం. శాంపిల్ పోయిందేమో, మళ్ళీ సూది గుచ్చుతారేమో అనుకుంటారు. సగం ఫోన్లు అందుకే వస్తాయి.

గడువు చిన్నదిగా ఎందుకు ఉండాలంటే ఇంకో చిక్కుంది. రిపోర్టు ఎక్కగానే క్యాష్‌లోంచి ఆ నంబరు తీసేస్తే చాలదా, గడువెందుకు అని ఎవరైనా అడుగుతారు. చదవడం, దాచడం విడివిడిగా జరిగే యానొటేషన్ పద్ధతిలో, ఒక థ్రెడ్ డేటాబేస్‌ను అడిగి ‘పరీక్షలో ఉంది’ అని విన్నది, ఇంకా క్యాష్‌లో రాయలేదు. సరిగ్గా అప్పుడు ల్యాబ్ రిపోర్టు ఎక్కించింది, క్యాష్‌ను తుడిచింది. అప్పటికి తుడవడానికి ఏమీ లేదు. తర్వాత ఆ మొదటి థ్రెడ్ తీరిగ్గా పాత మాటను రాసింది. ఇక దాన్ని తుడిచేవారు లేరు, గడువు ఒక్కటే దిక్కు. రెండో సర్వర్‌కైతే ఆ తుడుపు కబురే అందదు. కాబట్టి తుడవండి, గడువూ చిన్నదే పెట్టండి. రెండు సర్వర్లకూ కలిపి రెడిస్ లాంటి ఉమ్మడి క్యాష్ సర్వర్ పెడదామన్న ఆలోచన వస్తే, అక్కడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. రెడిస్‌లో నల్ అనే విలువ లేదు, లేని కీని అడిగితే నిల్ అంటుంది, ‘లేదు’ అనడానికి మీరే ఒక గుర్తు పెట్టుకోవాలి. దీనికోసమే అయితే అక్కడికి వెళ్ళనక్కర్లేదు.

లేని నంబర్ల క్యాష్‌కు గరిష్ఠ పరిమాణం పెట్టడం మరవకండి. ఎవరైనా తోచిన అంకెలన్నీ కొడుతూ పోతే మెమరీ అంతా ‘లేదు’లతో నిండుతుంది. నంబరులో అంకెలు సరిపడా ఉన్నాయో లేదో ముందే చూసి పంపేయడం ఇంకా చవక. ఎవరైనా బ్లూమ్ ఫిల్టర్ (ఒక నంబరు కచ్చితంగా లేదా, ఉండవచ్చా అన్నది తక్కువ మెమరీతో చెప్పే అమరిక) అంటే నవ్వి ఊరుకోండి, మీ రద్దీకి అది అక్కర్లేదు.

ఒక విషయంలో మాత్రం మీ సీనియర్‌ను ఎవరూ సరిగా వినలేదనిపించింది. “డేటాబేస్ అసలెందుకు మొరాయిస్తోంది” అని ఆయన మొదట్లోనే అడిగారని రాశారు. సెకనుకు 20 క్వెరీలు ఏ డేటాబేస్‌కూ లెక్కలోవి కావు, ఇండెక్స్ (వేగంగా వెతకడానికి పెట్టే సూచిక) ఉంటే. రసీదు మీది నంబరు ముందు శాఖ అక్షరాలుంటాయనీ, జనం అంకెలే కొడతారనీ, అందుకే నంబరు ‘చివర’ కలిసేలా వెతుకుతామనీ రాశారు కదా. మొదలు తెలియకుండా చివరతో వెతికితే మామూలు ఇండెక్స్ పనికిరాదు, ప్రతిసారీ టేబుల్ అంతా చదవాలి. అంకెలను విడిగా ఒక కాలమ్‌లో పెట్టి దానికి ఇండెక్స్ వేస్తే, రద్దీ వేళ టైమౌట్లే ఉండకపోవచ్చు. క్యాష్ వేయకముందే చేయాల్సిన పని ఇది. ఇప్పుడైనా చేయండి. ఈ సూచన నివేదికలో ఆయన పేరు మీదే రాయండి, నిజంగా ఆయన అడిగిన ప్రశ్నే కాబట్టి.

శుక్రవారం కాగితం మాట. ఆ నాలుగు లైన్ల సంగతి దాచడం కుదరదు. దాస్తే పెద్దాయన కథకు కారణం ఉండదు, రేపు ఇంకో చోట ఇదే జరుగుతుంది, అప్పుడు మీకు ముందే తెలుసని బయటపడుతుంది. బయటపెట్టే పద్ధతులు మాత్రం రెండున్నాయి. అందరికీ మెయిల్‌లో పంపడం ఒకటి. అది వేగంగా తేలుతుంది, కానీ ఆయన సమర్థించుకునే పనిలో పడతారు, మీరు ఒక పెద్ద మనిషిని పోగొట్టుకుంటారు. రెండోది, గురువారంలోగా ఆయన్ను టీకి పిలిచి ఒంటరిగా చూపించడం. ఆ యూనిట్ టెస్ట్, లాగ్‌లోని టైమౌట్, పెద్దాయన రసీదు నంబరు. “సార్, ఈ నల్‌కు కారణం దొరికింది, మీరొకసారి చూస్తారా” అంటే చాలు. ఆ లైన్లు ఎవరు రాశారన్నది మీరు ఎత్తవద్దు, తెర మీద చూడగానే ఆయనకే గుర్తొస్తుంది. చాలామంది సీనియర్లు ఇలాంటప్పుడు తమంతట తామే ‘అది నేనే రాశాను’ అంటారు. అనకపోయినా శుక్రవారం కాగితం ఆయనకు కొత్తగా ఉండదు.

కాగితంలో వాక్యం ఇలా ఉండవచ్చు: “డేటాబేస్ వైఫల్యాలను పాత మెథడ్ నల్‌గా తిప్పి పంపుతోంది. కొత్తగా చేర్చిన క్యాష్ ఆ నల్‌లను, ఇంకా సిద్ధంకాని రిపోర్టుల నల్‌లను తేడా లేకుండా 6 గంటలు దాచింది.” క్యాష్ మీరు చేర్చారన్నది అందరికీ తెలుసు, స్ప్రింగ్ నల్‌ను దాస్తుందని మీకు తెలియలేదన్న ముక్క కూడా రాయండి. దానివల్ల మీ ఉద్యోగం పోదు. కారణం పట్టుకున్న కొత్తవాళ్ళను ఖాయం చేయని మేనేజర్ ఉంటే, ఆ విషయం ఇప్పుడే తెలియడం మీకే మంచిది.

ఒకవేళ గురువారం టీ దగ్గర ఆయన కోపగించుకుని ‘ఆ ముక్క తీసేయ్’ అంటే, పేరు లేకుండానే ఆ వాక్యాన్ని ఉంచండి. ఎవరి కోడ్ అని మేనేజర్ అడిగితే మార్పు నంబరు ఇవ్వండి, తేదీ ఇవ్వండి. పేరు చూసుకోవడం ఆయనకు వచ్చు.